సోమలింగం గారి మేకల డిజైన్

సోమలింగం గారు ఆఫీసులో కాగితం మీద అక్షరం రాయరు. ఏదైనా బొమ్మే గీస్తారు. గీసింది ఏదైనా సరే, మేకలాగే వస్తుంది.

ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. సూరత్‌లోని డిండోలిలో చీరల అట్టపెట్టెలు అమ్మే దుకాణం పైన ఒంటి గది మా ఆఫీసు. ఆ గది గోడల మీద నేను లెక్కపెట్టినప్పటికి నూట పన్నెండు మేకలున్నాయి. ఒకటి మరమగ్గం. ఒకటి కరెంటు మీటరు. తోక పొడుగ్గా ఉన్నది నూలు పోగు. నెత్తిన టోపీ ఉన్నది కార్ఖానా యజమాని శేఠ్. ఒకసారి ఉండబట్టలేక, "కాకా, నిజం మేకను గియ్యి, చూస్తా" అన్నాను. పావుగంట కష్టపడి గీశారు. కుర్చీ వచ్చింది.

ఆయనకు యాభై ఏడేళ్లు. ముప్పై ఏళ్లు మగ్గాల మెకానిక్‌గా చేశారు. మోకాళ్లు మొరాయించాక ఇంట్లో కూర్చోలేక సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నారు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్ మీద ఆరువందల పేజీల పుస్తకం ఒకటి పాత పుస్తకాల బండి మీద కొని, మూడుసార్లు చదివారు. అంచులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో పెన్సిల్ రాతలు. నేను చీరలకు రాళ్లు అంటించుకుంటూ, పక్కన ఫోను నిలబెట్టుకుని వీడియోల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నదాన్ని. ఇద్దరివీ బడి ముఖం చూడని చదువులు కాబట్టి ఆయన చెబుతుంటే వినడం నాకు అలవాటైంది. మా ముగ్గురిలో డిగ్రీ ఉన్నవాడు నరేశ్ ఒక్కడే. ఆఫీసు అతనిది. పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే.

నేను చేరిన మొదటి రోజే పాఠం మొదలైంది.

"హారతీ, ఆబ్జెక్ట్ అంటే ఏంది బిడ్డా?"

"సమాచారమూ, దాని మీద పనిచేసే ఫంక్షన్లూ కలిపి ఒకచోట కట్టిన…"

"నీ తలకాయ. ఆబ్జెక్ట్ అంటే పనోడు. వానికో పేరుంటది. వానికి కొంత ఎరుకుంటది, కొంత ఉండది. చేసే పని ఒకటుంటది. ఎరుక లేనిది ఎవర్నడగాల్నో వానికి తెల్సుంటది. గంతే. ఇగ చూడు."

కింది దుకాణంలో పారేసిన అట్టను అరచేతి సైజులో కత్తిరించి బొమ్మ గీశారు. అలా పుట్టింది నా మొదటి మేక.

ప్రతి ఆబ్జెక్టుకూ ఒక అట్టముక్క. మనుషులం తలా ఒకటి పట్టుకుని నిలబడాలి. ఎవరి చేతిలో ఏ అట్ట ఉంటే వారు అదే అయిపోవాలి. అట్టలో లేని పని చేయకూడదు. తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదు. పుస్తకంలో ఉన్న పద్ధతే ఇది. పుస్తకంలో అట్టల మీద అక్షరాలుంటాయి. మా దగ్గర మేకలుంటాయి. అదే తేడా.

"రాస్తే అయిపోతుంది కదా కాకా?" అని నరేశ్ నెత్తి కొట్టుకునేవాడు.

"రాసింది చదివెటోళ్లు కొందరే ఉంటరు. బొమ్మ జూసెటోళ్లు అందరు."

"బొమ్మలా అవి? బకరీ మండీ, మేకల సంత!"

ఇంట్లో కూడా ఈ పద్ధతి ప్రవేశపెట్టబోయారు. భార్య స్వరాజ్యం గారి పేర ఒక అట్ట చేసి, దాని మీద వంట, బజారు, నీళ్లు, బట్టలు, చుట్టాలు, మందులు అన్నీ గీసి చేతికిచ్చారు.

"గీ మేక ఎవరు?" అని ఆమె అడిగింది.

"నువ్వే."

ఆ మధ్యాహ్నం సోమలింగం గారు మా ఆఫీసులో నా డబ్బాలోంచి రెండు రొట్టెలు తిన్నారు. తింటూనే పాఠం చెప్పారు. "ఒక్క క్లాసుకు, అంటే ఒక్క అట్టకు, ఇన్ని పనులు పెట్టద్దు బిడ్డా. పుస్తకంల మూడుసార్లు చదివిన, సమజ్ గాలె. మీ చిన్నమ్మ ఒక్కపూటల సమజ్ చేయించింది." మర్నాటి నుంచి బజారు, నీళ్లు ఆయన అట్టలోకి వచ్చాయి.

ఆ తర్వాత ఆమె ఆఫీసుకొచ్చి గోడలు చూసి, "పెండ్లయి ముప్పైరెండేండ్లాయె. ఈన బొమ్మ గీసుడు నేనెన్నడు చూడలే. ఈ మేకల పిచ్చి కొత్తగ తగిలింది" అని నాకు చెప్పింది. పిచ్చికి మొదలంటూ ఒకటి ఉండాలి కదా అనుకున్నాను.

నేను చేరేటప్పటికే ఆఫీసు చేతికొచ్చిన పని, సూరత్ దగ్గర పల్సానాలోని ఒక కార్ఖానాది. తొంభై ఆరు మగ్గాలు. ఏ మగ్గం ఆగినా సంబంధించిన మనిషి ఫోను మోగాలి. మగ్గాల సంగతి మాకు చెప్పడానికి శేఠ్ తన మగ్గాల లైన్ మీది పెద్ద పనివాణ్ణి పంపాడు. పేరు పరుశురాం. భేస్తాన్‌లో ఉంటాడు, ఆ కార్ఖానాలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. మగ్గం చప్పుడు విని దాని రోగం చెప్పగలడు.

నేను చేరకముందు, వచ్చిన రోజే పరుశురాం నవ్వుతూ ఒక మాట చెప్పాడట. "దీపావళి నుంచి ఈ ఫోను నడిపెటోళ్లే లైన్ మీద ఉంటరట. నడపరానోళ్లు ఇంటికే అన్నడు శేఠ్." ఆ తర్వాత, పని ఎప్పటికి పూర్తవుతుందని మూడుసార్లు అడిగాడు. "నిదానంగ చేయుర్రి, తొందరేం లేదు" అని నాలుగోసారి తనే చెప్పాడు. ఇంట్లో పెళ్లి కావలసిన చెల్లెలూ లేదు, అప్పుల వాళ్లూ లేరు. ఆయనకున్నది ఆ లైన్ ఒక్కటే. అది పోతే ఇరవై రెండేళ్లుగా లైన్ మీదున్న పరుశురాం కార్ఖానా గేటు బయటి పరుశురాం అయిపోతాడు.

నరేశ్ ఆర్నెల్లు గదిలో కూర్చుని అంతా తయారుచేసి ఒకేసారి చూపిద్దామన్నాడు.

సోమలింగం గారు ఒప్పుకోలేదు. "నూరు మీటర్ల తాను బట్ట మొత్తం నేసినంక, మొదటి జానలనే పోగు తప్పిందని తెలిస్తే ఏం జేస్తవ్? మీద కప్పుకుంటవా? జానెడు నెయ్యి, చూపెట్టు, తిట్లు తిను, సక్కగ చేస్కో. మల్ల జానెడు నెయ్యి."

"దాన్నే అజైల్ అంటారు కాకా."

"అననీ. మా నాయన దాన్ని బుద్ధి అనేటోడు."

అలా రెండు వారాలకోసారి, శనివారం పొద్దున పదకొండింటికి, పరుశురాం రావడం, మేము చూపించడం, ఆయన మొహమాటంగా తిట్టడం మొదలైంది. మొదటిసారి నరేశ్ 'మేనేజర్' అనే ఒకే క్లాసు రాసి తెచ్చాడు. పద్నాలుగు వందల లైన్లు. మగ్గాన్ని చూసేదీ అదే, ఫోను మోగించేదీ అదే.

"మేనేజర్ ఒక్కడే అన్ని జేస్తే మిగిలినోళ్లు ఏం జేస్తుండ్రు నరేశ్? బీడీ తాగుతుండ్రా?" అన్నారు సోమలింగం గారు. అట్టలు పంచారు. మగ్గం అట్ట పరుశురాం చేతికొచ్చింది. మేనేజర్ అట్టతో నరేశ్ ఎదురుగా నిలబడ్డాడు.

"నువ్వెందుకు ఆగావు?" అని నరేశ్ అడిగాడు.

"నాకేమెరుక?" అన్నాడు పరుశురాం.

"అరే అన్నా, మగ్గానివి నువ్వే కదా!"

"నేను సాంచనే, మగ్గాన్నే. ఆగిన. ఎందుకాగిన్నో నాకేమెరుక? పోగు తెగితే పోగునడుగు. కండెల నూలు అయిపోతే కండెనడుగు. పడుగు చుట్టిన బీము ఖాళీ అయితే బీమునడుగు. ఒక్కొక్కదానికి ఒక్కొక్కడు ఉరకాలె. నువ్వు ఉత్తగ 'ఆగింది' అని అందరి ఫోన్లు మోగిస్తే ముగ్గురు ఉరికొస్తరు. అండ్ల ఇద్దరు దండుగ."

మగ్గం ఆగడమంటే ఒకే సంగతి అని నరేశ్ రాశాడు. అది మూడు సంగతులని మగ్గమే నోరు తెరిచి చెప్పింది. సోమలింగం గారు కుర్చీలోంచి లేచి, నొప్పి మోకాళ్లతోనే రెండడుగులు చిందేశారు. పోగుకో మేక, కండెకో మేక, బీముకో మేక అప్పటికప్పుడు పుట్టాయి. పద్నాలుగు వందల లైన్ల మేనేజర్ వారం తిరిగేసరికి ఎనభై లైన్లకు చిక్కిపోయాడు.

ఇంకో పట్టు కూడా పట్టారాయన. "పని జేసెటోడు వేరు, చూపెట్టెటోడు వేరు. ఇద్దర్ని ఒక్క అట్టల కట్టెయ్యద్దు." అందువల్ల ఫోను మీద కనిపించే తెర కోసం విడిగా ఒక క్లాసు రాశాం. ఆ తెర మీద కూడా మేకలే ఉండాలన్నారు. పరుశురాం వాటితో ఆడుకున్నంత సులువుగా అలవాటుపడ్డాడు. నరేశ్‌కు మాత్రం పరువు సమస్య అయింది.

అందుకే శేఠ్‌కు చూపించే శనివారానికి ఒక రోజు ముందు ఎవరికీ చెప్పకుండా తెర మార్చేశాడు. మేకలన్నీ తీసేసి వాటి స్థానంలో చక్కటి హిందీ అక్షరాలు పెట్టాడు.

పల్సానాలో కార్ఖానా పక్క గదిలో శేఠ్, మేము, వాకిట్లో ఇరవై మంది పనివాళ్లు. శేఠ్ ఫోను తీసి పరుశురాం చేతికిచ్చాడు. "చలో పరుశురాం, చలాకే దిఖావ్," నడిపి చూపించమన్నాడు.

పరుశురాం తెర వంక చూశాడు. మా వంక చూశాడు. మళ్లీ తెర వంక చూశాడు.

"కండ్లద్దాలు మర్చిపోయిన."

నరేశ్ ఉత్సాహంగా తన అద్దాలు తీసి ఆయన కళ్లకు పెట్టాడు. "ఇప్పుడు కనిపిస్తుందా అన్నా?"

"ఇప్పుడు నువ్వు గూడ కనిపిస్తలేవ్."

వాకిట్లో ఎవరో నవ్వారు. శేఠ్ నవ్వలేదు. "క్యా హువా? మూడు నెలలు నేర్చుకోవడానికి పంపితే ఇదేనా నేర్చుకున్నది?" అని హిందీలో గొణిగాడు. పరుశురాం చేతిలో ఫోను అలాగే ఉంది. ఒక్క మీటా నొక్కడు.

అప్పుడు సోమలింగం గారు ముందుకొచ్చారు. "శేఠ్, గల్తీ మేరా హై. ముఝే పఢ్‌నా నహీ ఆతా." ఎవరికైనా అర్థం కాలేదేమోనని తెలుగులో కూడా చెప్పారు. "తప్పు నాది. నాకు చదువు రాదు."

నరేశ్‌కు అద్దాలు లేకపోయినా కళ్లు ఇంతింతయ్యాయి. పెన్సిల్ రాతలతో నిండిన ఆరువందల పేజీలు నా కళ్ల ముందు గిర్రున తిరిగాయి.

"ఇంజినీర్ హో, పఢ్‌నా నహీ ఆతా?" అన్నాడు శేఠ్.

"ప్రోగ్రాం వస్తది శేఠ్. అక్షరం రాదు. బొమ్మలతోనే చేసిన, బొమ్మలతోనే పరుశురాంకు నేర్పిన. ఈ నరేశ్ నాకు చెప్పకుండ అక్షరాలు పెట్టిండు. నాకే సమజైతలేదు, నా దగ్గర నేర్చుకున్నాయనకు ఎట్లయితది? హారతీ, జర పాత బొమ్మలు పెట్టు బిడ్డా."

చూపించేవాడు వేరుగా ఉన్నాడు కాబట్టి నేను మార్చవలసింది ఒక్క లైనే. శేఠ్ చాయ్ తాగేలోపు మేకలు తిరిగొచ్చాయి. పరుశురాం నరేశ్ అద్దాలు తీసి పక్కన పెట్టి, వేలు ఆడించడం మొదలుపెట్టాడు. నలభై ఒకటో మగ్గం ఆగింది. పొడుగు తోక మేక ఎర్రబడింది. నొక్కాడు. వాకిట్లో సరిగ్గా ఒక్కడి ఫోనే మోగింది. ఆ ఒక్కడు పరిగెత్తి పోగు అతికాడు. పదిహేడో మగ్గంలో బీము అయిపోయింది. ఈసారి ఇంకొకడు పరిగెత్తాడు. మిగిలినవాళ్లు కదలలేదు.

శేఠ్ ఫోను లాక్కుని చూశాడు. "ఔర్ యే టోపీవాలీ బకరీ?"

పరుశురాం దగ్గరున్న ఒక్క అబద్ధమూ కండ్లద్దాలతోనే అయిపోయింది. "వో ఆప్ హై శేఠ్."

ఆ మేక తనేనని విని, శేఠ్ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "టోపీ అచ్ఛీ హై" అన్నాడు.

నాలుగు రాష్ట్రాల పనివాళ్లున్న కార్ఖానాలో ఏ లిపి పెట్టినా సగం మందికి తెలియదనీ, బొమ్మలే ఉంచమనీ, మిగతా షిఫ్టు వాళ్లకు పరుశురామే నేర్పాలనీ ఆయన తేల్చేశాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "పరుశురాం సంగతి నీకెప్పుడు తెలిసింది కాకా?"

"మొదటి రోజే. నువ్వింక చేరలే. పేర్లు రాసిన అట్ట ఇస్తే తలకిందులు పట్టుకొని, మస్తుగుంది అన్నడు. ఆ దినం నుంచే మేకలు మొదలుపెట్టిన. ఆయనొచ్చినప్పుడల్ల నా పుస్తకం గూడ సొరుగుల పెడుతుంటి."

"అయినా అంతమందిలో నీకే చదువు రాదని…"

"మోకాళ్లు ఎట్లాగూ లేవు. చదువు గూడ లేకపోతే ఏమాయె?"

కథ అక్కడితో ఆగితే బాగుండేది. మరుసటి ఆదివారం పొద్దున పరుశురాం రెండు పలకలు కొనుక్కుని ఆఫీసుకు వచ్చాడు. "అన్నా, నీకూ రాదు, నాకూ రాదు. గంతమందిల ధైర్యంగ చెప్పినవ్, నాకు గూడ ధైర్యమొచ్చింది. ఇద్దరం కలిసి నేర్చుకుందాం. హారతమ్మ చెప్తది."

సోమలింగం గారు నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. ఆయన బుద్ధిగా పలక అందుకుని, 'అ'ను మూడు వంకర్లు తిప్పి రాశారు.

రెండు నెలల్లో పరుశురాం గుణింతాల్లోకి వచ్చాడు. సోమలింగం గారు 'ఋ' దగ్గరే కూర్చున్నారు. ఎదుటివాడు ఎప్పుడూ ఒకడుగు ముందుండాలని ఆయన పట్టుదల. ఒక ఆదివారం నేను ఒత్తులు మొదలుపెడదామంటే పరుశురాం పలక బోర్లించేశాడు.

"వద్దమ్మా. అన్న వచ్చేదాంక నేను ముందటికి పోను. ఒక్కన్ని ఇడిసిపెట్టి ఎట్ల పోత?"

సోమలింగం గారి ముఖం చూడాలి! తన మంచితనం ఎదుటివాడి చదువుకే అడ్డుపడుతుందని ఆయన ఏ అట్టలోనూ గీసుకోలేదు. ఆ తర్వాతి ఆదివారానికి అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ ఒక్క వారంలో నేర్చుకొచ్చి, గడగడా అప్పజెప్పేశారు.

పరుశురాం గర్వంగా నా వైపు తిరిగాడు. "చూసినవా హారతమ్మా? జర పక్కన ఒకడు నిలబడితే, ఎంత మొద్దుకైనా చదువొస్తది."

"నిజమే తమ్మీ" అన్నారు సోమలింగం గారు.