చప్పటి రొట్టెలు

రొట్టెలు కాల్చడం నేను సరదాపడి నేర్చుకున్న పని కాదు. మా అత్తకి కిడ్నీలు పాడైపోయి పలాసలో డయాలసిస్ మొదలయ్యాక నా మీద పడ్డ పనుల్లో అదొకటి.

మాది ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు. ఈ జబ్బు మా వైపు కొత్త కాదు. ఎవరింట్లోనైనా ఒకరికి వచ్చిందంటే "ఎప్పట్నించి?" అని అడుగుతారు తప్ప "ఎలా?" అని అడగరు. మా ఆయన గుజరాత్ బోట్ల మీద వేటకి పోతాడు. ఇంట్లో నేనూ, అత్తా. నేను ఇంటి దగ్గరే మిషను మీద జాకెట్లు కుడతాను. రోజు విడిచి రోజు మిషను మూసి, అత్తని ఆటోలో పలాస తీసుకెళ్తాను.

అత్త ఒకప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లన్నీ తిరిగిన మనిషి. అలాంటిది, డయాలసిస్ అయ్యాక ఆటో ఎక్కడానికి నా భుజం పట్టుకునేది. అన్నం చూస్తే కడుపులో తిప్పేది. ఆస్పత్రి బయట టీకొట్లో బన్ను ఒకటే ఇష్టంగా తినేది. అదీ డయాలసిస్ చేసే సిస్టర్ వద్దంది.

"కొట్లో బన్నులో ఉప్పుంటాది, సోడా ఉంటాది. ఇంట్లో ఉప్పు నేకుండా నువ్వే రోల్స్ సెయ్యమ్మా. రోల్ మద్దెన గుడ్డు తెల్లసొన పెట్టీసి ఇయ్యి. దార్లో తినడానికి ఈజీగా ఉంటాది" అంది.

ఈజీ తినడానికే. చెయ్యడానికి కాదు.

ఫోనులో వీడియోలు చూశాను. పలాసలో కేకుల సామాను అమ్మే కొట్లో ఈస్ట్ పొట్లం కొన్నాను. మొదటిసారి నీళ్లు మరీ వేడిగా పోశాను కాబోలు, ఈస్ట్ చచ్చిపోయింది. పిండి పొంగలేదు. పొంగని పిండినే పొడుగ్గా చుట్టి కాల్చాను. అత్త ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"రొట్టెలేటే ఇవి? వల గుండుల్లాగున్నాయి. వలకి కట్టీసుకోవచ్చు."

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. వాటిని మేకకి పెడితే అది మూతి తిప్పేసుకుంది.

తర్వాత నీళ్లలో చిటికెన వేలు ముంచి, గోరువెచ్చగా ఉంటేనే ఈస్ట్, పంచదార కలపడం అలవాటైంది. మైదా, కొంచెం నూనె, అంతే. మా ఇంట్లో ఓవెన్ లేదు. పెద్ద కుక్కర్లో అడుగున ఇసక పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, లోపల పళ్లెం పెట్టి కాలుస్తాను. ఇసక సముద్రం ఒడ్డుదే. ఎన్ని నీళ్లకి కడిగి ఎండబెట్టినా, వేడెక్కగానే చేపల రేవు వాసన వస్తుంది.

ఉప్పు లేని పిండికి ఒక బుద్ధి ఉంది. గబగబా పొంగుతుంది. చూసుకోకపోతే అంతే గబగబా కుంగిపోతుంది. అందుకని పిండి పక్కనే కాపలా ఉండాలి. జాకెట్టు చేతులు అతుకుతూ గిన్నె మీద గుడ్డ ఎత్తి చూడటం, మళ్లీ కుట్టడం. పిండి పిసికి పిసికి మణికట్లు లాగేవి. ఆ చేతులతోనే మళ్లీ గుడ్డ కత్తిరించాలి. ఒక్కోరోజు దువ్వెన పట్టుకునే ఓపిక కూడా ఉండేది కాదు.

ఇంత చేస్తే అత్త రెండు ముక్కలు కొరికి పక్కన పెట్టేది.

"సప్పగుందే."

"చప్పగానే ఉంటాది అత్తా. డాక్టరు చెప్పలేదా?"

"సెప్పినాడు. ఆడు తింటన్నాడేటి?"

వెల్లుల్లి దంచి కలిపాను. మిరియాలు వేశాను. నిమ్మకాయ పిండాను. అన్నిటికీ ఒకటే మాట. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకొకలా వండే ఓపిక లేక నేనూ ఆ చప్పటి కూరలే, ఆ చప్పటి రొట్టెలే తింటూ వచ్చాను. మొదట్లో నోరు ఏడ్చేది. తర్వాత అలవాటైందని కూడా చెప్పలేను, పట్టించుకోవడం మానేశాను.

పెళ్లిళ్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం. ఇవ్వాల్సిన జాకెట్లు గుట్టగా ఉన్నాయి. మర్నాడు పలాస వెళ్లాలి. పిండి కలిపి గిన్నె మీద గుడ్డ కప్పి, పొంగేలోగా ఒక జాకెట్టు అవుతుందని కూర్చున్నాను. మిషను మీద తల వాల్చినట్టు గుర్తు. కళ్లు తెరిచేసరికి ఇల్లంతా రొట్టె వాసన. అది ఎప్పుడూ వచ్చే వాసన కాదు. కమ్మగా ఉంది.

అత్త పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. పళ్లెంలో రొట్టెలు ఎర్రగా కాలి, వరసగా ఉన్నాయి.

దిగ్గున లేచాను. డయాలసిస్ కోసం ఆమె ఎడమ చేతికి ఆపరేషన్ చేసి రక్తనాళం కలిపారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దెబ్బ తగలకూడదు.

"కుక్కరెత్తేసావా? చెయ్యికేటైనా అయితే?"

"కుడిసేత్తోనే సేసినాను. అరవకు. ఇదిగో, తిను."

ఒకటి నా చేతిలో పెట్టింది. వేడిగా, మెత్తగా ఉంది. మధ్యాహ్నం నేను అన్నం తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. సగం రొట్టె గబగబా తినేశాక తెలిసింది.

"అత్తా, ఉప్పేసావా?"

ఆమె కుక్కర్లో ఇసక వైపు చూసింది. "రవ్వంత."

"నువ్వెన్ని తిన్నావు?"

ఆమె పళ్లెం నా వైపు జరిపింది. తిట్టడానికి కూడా శక్తి కావాలి. మిగిలిన రొట్టెలు పక్కింటికి ఇచ్చేసి, మళ్లీ పిండి కలిపాను.

ఉప్పు తింటే దాహం ఊరుకోదు. నీళ్లు కొలత ప్రకారమే తాగాలని డాక్టరు చెప్పినా, ఆమె నాకు కనబడకుండా తాగినట్టుంది. తెల్లారేసరికి మొహం ఉబ్బింది, పాదాలు నొక్కితే గుంటలు పడ్డాయి. పలాసలో బరువు చూసిన సిస్టర్ నా మీద విరుచుకుపడింది.

"ఏటమ్మా, ఇంత నీరు పట్టీసింది! ఏటి పెడతన్నావు మనిషికి? సూసుకోవద్దా?"

జరిగింది చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. మంచం మీంచి అత్త గొంతు వినిపించింది.

"దాన్నేటీ అనకమ్మా. ఉప్పు నానే ఏసినాను. అది మిషను మీద తల పెట్టీసి తొంగుంది. లేపబుద్ధి కానేదు."

సిస్టర్ నా వైపు చూసి, డయాలసిస్ మిషను దగ్గరికి వెళ్లింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. నిద్ర వచ్చింది.

తిరిగి వస్తున్నప్పుడు జీడితోటల మధ్య ఆటో కుదుపులకి అత్త నా భుజానికి ఆనుకుంది. తర్వాత తనే అంది.

"నా కోసరమే ఉప్పేసినాననుకుంటన్నావా?"

"మరెందుకేసావు?"

"జబ్బు నాకు. సప్పటి తిండి నీకెందుకే? నాతోపాటు నువ్వూ అదే తింటన్నావు, సూత్తన్నాను కదా. నీకొకపూటైనా మంచిది సేద్దామనుకున్నాను. ఇంతలోకి వాసనొచ్చీసింది. ఆగనేకపోనాను."

"ఎన్ని తిన్నావు?"

"మూడు."

ఆ చెప్పడంలో సిగ్గూ ఉంది, రుచి ఇంకా నోట్లో ఉన్నట్టు ఒక తృప్తీ ఉంది.

"ఇకనించి నీ పిండి ఏరే కలుపుకో" అంది.

"రెండు ముద్దలు పిసికే ఓపిక నాకు లేదత్తా."

"నాకు కుడిసెయ్యుంది కదేటే."

అలా రెండు ముద్దలయ్యాయి. డయాలసిస్ లేని రోజుల్లో ఆమె గోడకి చేరబడి, తాంబాళంలో నా ముద్ద కుడిచేత్తో పిసుకుతుంది. మధ్యమధ్య ఆయాసపడి ఆగుతుంది. నేను ఆమె ముద్ద పిసుకుతాను. కలిసిపోకుండా ఉప్పు వేసిన రొట్టెల మీద చాకుతో గీత పెడతాను. ఉప్పు డబ్బా మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను, అది ఆమెకీ తెలుసు. పొయ్యి దగ్గరికి రానివ్వను.

మొదట్లో ఆమె ముందు ఉప్పు రొట్టె తినలేకపోయాను. వంటింట్లోకి వెళ్లి తింటుంటే పిలిచింది.

"దొంగతిండేటే? ఇక్కడే కూకోని తిను. ఉప్పు సరిపోయిందేటి?"

"సరిపోయింది."

"అయితే సరే."

ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తింటాం. ఆమె ఒక్కోసారి రొట్టె మొత్తం తింటుంది, ఒక్కోసారి గుడ్డు ముక్క తిని రొట్టె వదిలేస్తుంది. నా పని తగ్గలేదు, మణికట్ల నొప్పీ తగ్గలేదు. నిన్న పలాస నుంచి వస్తూ ఆమె తన చప్పటి రొట్టె సగం తిని, చాలని నా చేతిలో పెట్టి కళ్లు మూసుకుంది. పారెయ్యబుద్ధి కాక ఆ సగం నేనే తిన్నాను. ఇల్లు చేరాక ఆమెని మంచం మీద పడుకోబెట్టి, కాళ్లు కడుక్కుని, కుట్టు మిషను ముందు కూర్చున్నాను.