ప్రేమవిందులో ఖాళీ పళ్లెం

కిష్టమ్మకు కోపమొస్తే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీలు కూడా పక్కకు తప్పుకునేవాళ్లు. పన్నెండేళ్లుగా అక్కడ బత్తాయిలు ఏరే పని. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి గదిలో సంసారం పెట్టి, బాప్తిస్మం తీసుకుని, ఎల్బీ నగర్ మందిరంలో వడ్డించే మనిషైంది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ నేలమీద బారుగా కూర్చుని తినే ప్రేమవిందు అంటే ఆమెకు ప్రాణం.

ఆ ఆదివారం ఆ వరసలో సీతారాములు కూర్చున్నాడు.

తెలంగాణ కోసం జరిగిన సకలజనుల సమ్మెలో ఆర్టీసీ డ్రైవర్లంతా బస్సులు ఆపేస్తే, తాను మాత్రం బస్సు తీసిన మహానుభావుడు. కిష్టమ్మ భర్త మహేందర్ కూడా డ్రైవరే. ఆ రోజు డిపో గేటుకు అడ్డంగా కూర్చున్నాడు. సీతారాములు బ్రేకు వేయలేదు. మహేందర్ కుడిపాదం నలిగింది. ఏడాది దాటినా ఇంకా గోడ పట్టుకునే నడుస్తాడు. అలాంటివాడు పొద్దున నీళ్లలో మునిగి, తెల్లచొక్కా తొడుక్కుని, దేవుని కృపతో తన పాపాలు పోయాయని సాక్ష్యం చెప్పాడు. జనం హల్లెలూయ అన్నారు. కిష్టమ్మ పళ్లు కొరికింది. నలిగింది మహేందర్ పాదమైతే, క్షమించేది దేవుడా? తమనొక్క మాట అడిగిన పాపాన పోయినవాడు లేడు.

అన్నం గిన్నెతో వరస వెంట వచ్చి, సీతారాములు పళ్లెం దాటేసి పక్కతనికి పెట్టింది.

"అతనికో, అమ్మా?" అన్నాడు సంఘపెద్ద పట్టాభి.

"నేను పెట్ట. గీయన నీళ్లల్ల మునిగితే నా మొగుని కాలు అతుక్కున్నదా?"

"కృప అంటే..." అని ఆయన మొదలుపెట్టాడు.

"జర ఆపుండ్రి సార్!"

గిన్నె అక్కడే దించి విసురుగా వంటగదిలోకి పోయింది. వెనకే వెంకాయమ్మ వచ్చింది. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో టిఫిన్ సెంటర్ నడుపుతుంది. వడ్డనలో కిష్టమ్మకు జోడీ. అందరి భోజనాలయ్యాక కిష్టమ్మకు పెట్టిగానీ తాను తినదు.

"కిష్టమ్మా, రెండేళ్లనాటి తెలంగాణ బంద్‌లో మా హోటల్ మీద రాయి వేసింది నువ్వే కదూ?" అంటూ నుదుటి మీది జుట్టు పక్కకు తీసింది. నాలుగు కుట్ల మచ్చ.

ఊరేగింపులో అంతమందిలో తనను ఎవరూ చూడలేదని కిష్టమ్మ ధీమా. ఒక్క అద్దం పగిలిందనే ఇన్నాళ్లూ అనుకుంది.

"నీకు తెల్సా అక్కా?"

"ఆ రోజే చూశాను. ఆ వారమే ఇక్కడ నీ పళ్లెంలో అన్నం పెట్టాను."

"మరి చెప్పకపోతివేంది? ఒక్క తిట్టన్న తిట్టకపోతివి!"

"తిట్టాలనిపించలేదనుకున్నావా? ఇప్పటికీ ఒక్కోసారి ఒళ్లు మండిపోతుంది."

కిష్టమ్మకు ఏడుపు రాలేదు, మంట పుట్టింది. తిట్టి ఉంటే తనూ తిట్టేది, చెల్లుకు చెల్లయ్యేది. ఇన్ని ఆదివారాలు తనకు దక్కకూడని అన్నం హక్కుగా తిన్నది. ఇప్పుడు ఎవరి మీద అరవాలో తెలియలేదు.

చరచరా బయటకు వచ్చింది. అందరూ సగం తినేశారు. సీతారాములు ఖాళీ పళ్లెం ముందు అలాగే ఉన్నాడు. గిన్నె అందుకుని ఒక గరిటె, రెండు, మూడు పెట్టింది.

"చాలక్కా," అన్నాడు.

"నా కోపం పోలే. తిను."

అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆమె అక్కణ్నుంచి కదల్లేదు.