గాదె తలుపు మీద అప్పలసూరి బావ

మా అప్పలసూరి బావకి ఒక్కటే జబ్బు. కడుపులో రహస్యం ఆగదు. ఆగకపోతే పోనీ, విన్న ప్రతివాడి చేతా ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకునేవాడు. ఆ ఒట్టు గాల్లో వేస్తే చెల్లదు. తలపాగా తీసి, బట్టతల ముందుకు వంచి, "ఎయ్యి సెయ్యి. ఎవులికైనా సెప్పీసినావంటే నాను సచ్చిపోతాను" అనేవాడు. ఆ లెక్కన బావ వారానికోసారైనా పోయి ఉండాలి. నిక్షేపంగా ధాన్యం బస్తాలా తిరిగేవాడు.

"ఊరోల్లు సేతులెట్టీ ఎట్టీ, ఉన్న నాలుగెంట్రుకలూ రాల్చీసినారు" అని మా అక్క దేముడమ్మ నెత్తి కొట్టుకునేది. ఆవిడే ఆయన భార్య.

పాతపట్నంలో బావకి వరి పొలం, చింతపండు వ్యాపారం. సముద్రంతో ఆయనకి ఏ చుట్టరికమూ లేదు. అరవై ఏడులో కాబోలు, మాఘ పున్నమి స్నానానికి భావనపాడు వెళ్ళి, అక్కడ జనం ఎక్కువగా ఉన్నారని ఒడ్డు వెంట నడుచుకుంటూ పోయి, ఒక చిన్న పల్లె దగ్గర తేలాడు. అక్కడ ఎల్లాజీ అనే ముసలి జాలరి, విరిగిన తెప్ప దుంగ మీద బావని బోర్లా పడుకోబెట్టి, వెనక నుంచి మంచి అల రాగానే ఒక్క తోపు తోశాడట. అల బావని ఎత్తుకుని ఒడ్డుదాకా తెచ్చి ఇసుకలో దింపింది. బావ లేచి, నోట్లో ఇసుక ఉమ్మి, "మల్లీ" అన్నాడు. పొద్దు వాలేదాకా ఇంకోమాట అన్లేదట.

ఇంటికొచ్చి గాదె తలుపు ఊడదీశాడు. దుంగకన్నా వెడల్పు, తన బొజ్జకి సరిగ్గా సరిపోతుందని.

"ఒలమ్మో, ధాన్యం ఎలకలు తినీవేటి?" అంది అక్క.

"తిననీయే. ఎలకలకి గాదుంది. నాకేటున్నాది?"

విచిత్రం ఏమిటంటే, ఆ అల ఉన్న చోటు మాత్రం బావ ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. రాజుగారి కోటలో సంగతులు చెప్పాడు, కరణంగారి రెండో సంసారం చెప్పాడు, సొంత తమ్ముడి మూలశంక కూడా చెప్పాడు. ఇది మాత్రం చెప్పలేదు. ఆఖరికి ఒక్క నాకు చెప్పాడు, తలుపు మోయడానికి మనిషి కావాలి కనక. నేనూ నెత్తి మీద చెయ్యి పెట్టాను.

తెల్లవారుతూనే చిన్న రైలెక్కి నౌపడలో దిగాం. ఉప్పు మడుల గట్ల మీద కొంత దూరం, ఇసుకలో చాలా దూరం నడిచాం. తలుపు ముందు భాగం బావ, వెనక భాగం నేను. అక్కడ నిజంగానే నరపురుగు లేదు. నీలంగా సముద్రం, ఒకదాని వెనక ఒకటి తీరుబడిగా విరిగే అలలు. బావ తలుపు మీద పడుకుని "వొత్తన్నానురోయ్" అని అరుస్తూ వచ్చి నా కాళ్ళ దగ్గర పడేవాడు. నేనూ ఎక్కాను. ఆ సుఖం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది.

మధ్యాహ్నం ఎల్లాజీ గుడిసెలో గంజి తాగాం. వసారాలో కొండంత పెద్దవల మడతపెట్టి ఉంది. సాలెగూళ్ళు పట్టి ఉన్నాయి. ఎందుకు దించడం లేదని బావ అడిగాడు. ఎల్లాజీ భార్య బుల్లమ్మ నవ్వింది గానీ అది నవ్వు కాదు.

"ఏటి దించుతాం బాబూ? రెండు తాళ్ళూ ఒడ్డునించి లాగాల. అటో ఊరు, ఇటో ఊరు జనం గావాల. మా కుర్రోలంతా కలకత్తా జనపమిల్లులకి ఎల్లిపోనారు. మిగిలింది ముసలోలం. ఈ యేడు కూడా వల దిగకపోతే మేవూ మూటా ముల్లే కట్టీడమే. కొడుకు రమ్మంతన్నాడు."

"మరి ఈ పల్లి?"

"పల్లేటి బాబూ, మనుసులు నేకపోతే ఇసకే."

తిరుగు రైల్లో బావ ఒక్క మాట మాట్లాడలేదు. గంజి పడలేదేమో అనుకున్నాను.

మర్నాటినుంచి మొదలెట్టాడు. మంగలితో చెప్పాడు, టైలరుతో చెప్పాడు, టెక్కలి సంతలో ముక్కూ మొహం తెలియని వాళ్ళని చింతపండు బస్తాల వెనక్కి లాక్కెళ్ళి చెప్పాడు. "అలెక్కితే నడుం నొప్పి మాయమైపోతాది. ఎవులికీ సెప్పకు. ఎయ్యి సెయ్యి." నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావా, నీకేమైనా మతుందా? అక్కడ నిలబడ్డానికి చోటుండదు రేపు!"

"నువ్వూరుకోరా బామ్మర్దీ. అందరూ ఒట్టేసినారు గదా."

చలి తగ్గాక ఒక ఆదివారం మళ్ళీ బయల్దేరాం. రైలు పెట్టెలో మా ఎదురుగా హైస్కూలు లెక్కల మాస్టారు నరసింగరావుగారు. పక్కన దుప్పటి చుట్టిన పెద్ద నలుచదరపు వస్తువు. దుప్పటి జారినచోట సుద్దముక్కతో వేసిన కూడిక కనిపిస్తోంది.

"ఎక్కడికి మాస్టారూ?" అన్నాను.

"నౌపడలో ఉప్పు కొందామని" అన్నారాయన కిటికీలోకి చూస్తూ.

"నల్లబల్లతోనా?"

ఆయన జారిన దుప్పటి పైకి లాగారు. ఆయన వెనక టైలరు ఇస్త్రీ బల్లతో కూర్చున్నాడు, చెల్లెలి పెళ్ళిచూపులకట. అవతల మంగలి పీట, ఇంకా అవతల ఎవరిదో మంచం పట్టె. పెట్టె నిండా చెక్క సామానే. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. నౌపడలో దిగి అందరూ తలో దిక్కూ వెళ్ళినట్టే వెళ్ళి, ఉప్పు మడుల గట్టు మీద మళ్ళీ ఒకే వరసలో కలిశారు.

తీరా వెళితే ఏముంది, తిరణాల! మెళియాపుట్టి నుంచీ టెక్కలి నుంచీ ముందే వచ్చేశారు. సముద్రంలో అల కనబడదు, తలకాయలే. నల్లబల్ల వచ్చి ఇస్త్రీ బల్లని గుద్దింది. మాస్టారు పంచె ఒక దారిన, ఆయన ఒక దారిన ఒడ్డుకి చేరారు. ఒకావిడ పొయ్యి పెట్టి పుణుకులు వేస్తోంది. నేను ఇసుకలో కూలబడ్డాను. ఏడుపొక్కటే తక్కువ.

"చూడు, ఏం చేశావో! మన చోటు పోయింది" అన్నాను. బావ తలుపు మీద కూచుని పుణుకులు తింటున్నాడు.

అప్పుడు కేక వినిపించింది. ఎల్లాజీ, ఇంకొందరు ముసలివాళ్ళు పడవ మీద పెద్దవల వేసుకుని లోపలికి పోతున్నారు. ఒక తాడు కొస ఒడ్డున ఉంది. కాసేపటికి పడవ చుట్టు తిరిగి రెండో తాడు కొస ఒడ్డుకి తెచ్చింది. బుల్లమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని జనం మీద పడింది.

"వల నీటిలో ఉండగా ఒడ్డుమీద ఊరకే నిలబడకూడదు, మా ఆచారం! సేపలు తిరిగి ఎల్లిపోతాయి! రాండి బాబూ, తాడు ముట్టుకున్నోడికల్లా వంతుంది! పంచె కట్టుకొచ్చీయి మేస్టరూ, సూత్తావేటి!"

ఆచారం అన్నాక ఎవరు కాదంటారు? పైగా చేపలు. బల్లలూ పీటలూ ఇసుకలో పడేసి అందరూ తాళ్ళకి వేళ్ళాడారు. లెక్కల మాస్టారు "ఒకటీ, రెండూ" అంటుంటే అంత జనమూ ఒక్కసారి వెనక్కి వాలేది. నా అరచేతులు బొబ్బలెక్కాయి. వల ఒడ్డు చేరేసరికి దాని కడుపు తెల్లగా మెరుస్తూ ఎగిరెగిరి పడుతోంది. ఎల్లాజీ చేపల్ని చూడలేదు. ఒడ్డు పొడుగునా ఉన్న మనుషుల్నే చూస్తూ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

తాడు పట్టిన ప్రతివాడికీ బుల్లమ్మ వంతు పెడుతోంది. నాకు అప్పటికి గానీ బుర్ర వెలగలేదు. గబగబా బావ దగ్గరికి వెళ్ళాను.

"బావా, కావాలనే చెప్పావు కదూ?"

"మరేటి సెయ్యమంతావ్? వల లాగడానికి రండి బాబూ అంటే ఒక్కడొత్తాడేటి? నాకేదో పనుంది అంతాడు. ఎవులికీ సెప్పకు అన్నాననుకో, ఎగేసుకుని వొచ్చీత్తాడు."

"మరి నీ అల? ఇవాళ ఒక్కటైనా ఎక్కావా నువ్వు?"

బావ సముద్రం వైపు చూశాడు. ఆయన కళ్ళలో ఆశ నాకు తెలుసు. ఆ మనిషి ఆ అల కోసం ఏడాది నోటికి తాళం వేసుకున్నాడు. నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఖాళీ ఏదిరా? పోన్లే. అలకేటి, రేపూ వస్తాది. ఈలు మూట కట్టీసినారంటే మల్లీ రారు."

ఇంతలో బుల్లమ్మ గట్టిగా కేకేసింది. "ఓ సూరిబాబూ! మల్లీ వల ఏత్తన్నాం! కబుర్లాపి తాడట్టు!"

"వొత్తన్నానురోయ్" అని అరుస్తూ బావ పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు. బొబ్బలు ఊదుకుంటూ నేనూ వెనకే పరిగెత్తాను.