ఆదివారం పెట్టిన పిండం

వైశాఖ మాసం రెండో ఆదివారం, పగలు సరిగ్గా పదకొండు గంటలకు, మా జైలు బావి దగ్గర ఒక గొర్రెల కాపరి చనిపోయిన తన తల్లికి పిండం పెట్టాడు. అప్పుడు నేనూ అక్కడ ఖైదీనే. సొంత తమ్ముణ్ని గొడ్డలితో నరికి లోపలికి వచ్చిన మనిషి అతను. తల్లి బతికినన్నాళ్లూ ఒక్కసారి కూడా అతన్ని చూడటానికి రాలేదు. కాకి వచ్చి ముద్ద ముడితే ఆమె తనను క్షమించినట్టేనని అతని ఆశ.

కర్మ చేయించే స్వామి మా జైలుకు ఆదివారమే వస్తాడు. మాకు కోడికూర వండేదీ ఆదివారమే. చుట్టుపక్కల కాకులన్నీ వంటశాల వెనక కోడి పేగుల మీద వాలి ఉన్నాయి. ఈ సంగతి మాలో ఎవరికీ ముందుగా తట్టలేదు.

కా, కా అని అతను గొంతు పోయేదాకా పిలిచాడు. ఒక్కటీ రాలేదు.

"ఏమప్పా, ములాఖత్తుకే రాని మీయమ్మ ఇప్పుడు కాకై వస్తాదా?" అని వార్డరు నవ్వాడు.

స్వామి గడియారం చూసుకున్నాడు. "గోరంట్ల బస్సు పోతాది. దర్భతో కాకిని చేసి ముట్టిస్తా. శాస్త్రం ఒప్పుకుంటాది."

"గడ్డికాకికి మాయమ్మ మనసు యాడ తెలుస్తాది సామీ? ఇంకొంచేపు చూద్దాం."

"తమ్ముణ్ని నరికేటప్పుడు ఇంకొంచేపు చూసినావా? లెయ్."

దర్భను ముద్దకు తాకించి, కర్మ అయిపోయిందన్నాడు స్వామి. వార్డరు ఆ ముద్దను బూటుతో కాలువలోకి తోశాడు. "రాల్యా అన్నా," అని కాపరిది సాయంత్రం దాకా నాతో అదే మాట. ఆ తర్వాత స్వామి వచ్చినా, పాస్టరు వచ్చినా అతను ఎదురుగా కూర్చోలేదు.

ఆ రోజు బావి దగ్గర ఉన్నది స్వామి, వార్డరు, కాపరికి గుండు గీసిన ఖైదీ మంగలి, కాపరి, నేను.