సైరన్ కూసిన తర్వాత

మొన్న ఉప్పల్ దగ్గర సిగ్నల్‌లో ఆగి ఉండగా చినుకులు మొదలయ్యాయి. పక్కనే ఒక బొగ్గు లారీ ఆగింది. పరదా చిరిగిన చోటినుంచి తడిసిన బొగ్గు వాసన గుప్పున కొట్టింది. నేను కారు అద్దం దించాను. "మేడం, మసి పడుతది" అని మా డ్రైవర్ మొత్తుకున్నా వినలేదు. ఆ వాసన పడనివాళ్లు ఉంటారు, వాళ్ల ఖర్మ. నాకు అది పుట్టింటి వాసన. నగరంలో సిగ్నళ్లకు సమయాలు కట్టడం, ఏ దారిన వెళితే ఎంతసేపటికి చేరతామో ముందే అంచనా వేయడం, మనుషులు రోడ్డు దాటుతూ ప్రాణాలు పోగొట్టుకోకుండా చూడటం నా ఉద్యోగం. ఈ విద్యలో నాకు ఓనమాలు దిద్దించింది గోదావరిఖనిలో పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పిన రూతమ్మ మేడం. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆవిడను చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు రాయాలని ఆ వానలోనే అనిపించింది.

మేడం గని కార్మికుడి కూతురు. మా వైపు గనిని బాయి అంటారు. ఆవిడ తండ్రి జీవితమంతా బాయిలో బొగ్గు కొట్టి ముగ్గురు పిల్లల్ని చదివించాడు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చిలో పాటలు పాడే గొంతే సోమవారం మా క్లాసులో ఉరిమేది. కోపం ముక్కుమీదే ఉండేది, నవ్వు దాని వెనకాలే ఉండేది. నేను చేరిన ఏడు తెలంగాణ కావాలని ఊరేగింపులు జోరుగా సాగుతున్నాయి. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి చౌరస్తాలో టిఫిన్ హోటల్ పెట్టుకున్నాడు. నేను నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీల వాళ్లు నా యాసను వెక్కిరించేవారు. మొదటి రోజే మేడం నన్ను నిలబెట్టారు.

"ఏ ఊరే మీది?"

"గుంటూరు వైపండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేడం అటు చూడనైనా చూడలేదు. "అది మీ నాయన ఊరు. నువ్వు యాడ పుట్టినవు?"

"ఇక్కడేనండి. బొగ్గు కంపెనీ దవాఖానలో. చౌరస్తాలో టిఫిన్ హోటల్ మాదేనండి."

"గట్లయితే నీది ఖనే. ఇగ కూసో, ఇడ్లీల బిడ్డా!"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేశాను. ఆ తర్వాత నన్ను ఆ పేరుతో తప్ప ఎవరూ పిలవలేదు. అందులో వెక్కిరింత లేదు, వెక్కిరించే ధైర్యం ఇక ఎవరికీ లేదు కూడా.

రెండో ఏడు మా చౌరస్తాలో అంజలి అనే మూడో తరగతి పిల్లకు లారీ తగిలింది. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. ఊరు గగ్గోలు పెట్టాక అక్కడ సిగ్నల్ దీపాలు పెట్టారు. పెట్టారన్న మాటే గానీ వాటిని లెక్కచేసిన వాళ్లు లేరు. బాయి రోడ్డున షిఫ్టుకు పోయే మోటారు సైకిళ్లు ఎర్ర దీపాన్ని చూసి ఇంకాస్త గట్టిగా హారన్ కొట్టేవి. వాళ్లదీ తప్పనలేం. హాజరు వేళకు గేటు దగ్గర లేకపోతే ఆ రోజు డ్యూటీ పోతుంది, ఇంట్లో పొయ్యి చల్లబడుతుంది. దీపాల వల్ల లాభం లేదు, తీసేద్దామని మున్సిపల్ ఆఫీసులో మాట మొదలైంది. అది విని అంజలి నాయనమ్మ లసుమవ్వ కాలేజీకే వచ్చేసింది. వాళ్లు మేడం వాళ్ల చర్చివాళ్లే.

"దీపాలుంటెనే పోరిని బడికి తోలుత, రూతమ్మా. తీసేస్తే ఇంట్లనే కూసోబెడుత. సదువు లేకుంటె సావదు గద. లారీ కింద పడితె సస్తది" అంది ముసలమ్మ.

మేడం ముసలమ్మను కూర్చోబెట్టి, "అవ్వా, పిల్లను ఇంట్ల కూసోబెట్టకు. ఆ దీపాల సంగతి నేను జూస్త" అన్నారు. ఆ సాయంత్రమే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, కొత్త సమయాలు మా కాలేజీ కట్టి ఇస్తుందని ఒప్పించి వచ్చారు. అవి పనిచేయకపోతే దీపాలు తీసేసుకోవచ్చన్నది ఒప్పందం.

మేం విద్యార్థులం ఉదయం, మధ్యాహ్నం చౌరస్తాలో నిలబడి బండ్లు లెక్కపెట్టాం. షిఫ్టు మారే వేళ మాత్రం లెక్కపెట్టలేదు. "దానికి లెక్కెందుకే? సైరన్ ఉండంగ!" అన్నారు మేడం. మాకూ నిజమే అనిపించింది. మా ఊళ్లో అన్నం వండటం, పిల్లలకు తలంటడం, తగాదా ఆపడం అన్నీ షిఫ్టు మారేటప్పుడు కూసే బాయి సైరన్‌ను బట్టే. ఎక్కడినుంచో వచ్చిన ఇంజనీరయితే రోడ్డు మీద నిలబడి చూసేవాడు. మేం సైరన్ విని పెరిగినవాళ్లం కాబట్టి దాన్నే నమ్మాం. సైరన్ కూయగానే బాయి రోడ్డు నిండుతుందని, ఆ తర్వాత బడి వదిలేసరికి ఖాళీ అయిపోతుందని లెక్క కట్టాం. సైరన్ వేళ బాయి రోడ్డుకు పచ్చదీపం ఎక్కువసేపు, బడి వేళ పిల్లలకు ఎక్కువసేపు. కాగితం మీద ముచ్చటగా ఉంది. చార్టు గీసింది నేనే.

మొదటి రోజే పరువు గంగలో కలిసింది. సైరన్ కూసింది, ఖాళీ రోడ్డుకు పచ్చదీపం వెలుగుతూనే ఉంది, అడ్డరోడ్డు వాళ్లు తిడుతూనే ఉన్నారు. బడి వదిలి పిల్లలు చౌరస్తాకు వచ్చేసరికి షిఫ్టు దిగిన బండ్లు వరదలా వచ్చాయి. వాటికి ఎర్రదీపం. కాసేపు ఆగారు, ఇక ఓపిక పట్టలేక ఒకరి వెనక ఒకరు దూసుకుపోయారు. లసుమవ్వ అంజలి రెక్క పట్టుకుని మా హోటల్ గోడకు కరుచుకుపోయి నిలబడింది. పిల్ల ఏడుస్తోంది.

మర్నాడు మున్సిపల్ ఆఫీసులో పిలుపు. అధికారి చార్టు ముందు పెట్టి, "ఈ లెక్క వేసింది ఎవరు?" అన్నాడు. అది నా చేతిరాత. ఆంధ్రా పిల్ల ఊరి దీపాలు ఆర్పిందన్న మాట అప్పుడే చెవుల్లో వినబడసాగింది.

మేడం కుర్చీలోంచి లేచారు. "తప్పు నాది సార్. దీపాలది గాదు, పిల్లలది గాదు. షిఫ్టు వేళ లెక్కపెట్టొద్దని చెప్పింది నేనే. యాడ తప్పినమో ఇంకా ఎరుకలేదు. ఇంకొక్క వారం ఇయ్యుండ్రి."

అంతే. సంజాయిషీ లేదు, సణుగుడు లేదు. తిట్టడానికి సిద్ధపడిన మనిషికి తిట్టేందుకు ఏమీ మిగల్లేదు. "వారమే మేడం" అన్నాడు. నేను ఆవిడ ముఖం వంక చూస్తూ ఉండిపోయాను. చదువుకున్నవాళ్లు, పదిమందిలో, నిలబడి అలా అనడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ సాయంత్రం హోటల్లో కూర్చుని ఉన్నాను. సైరన్ కూసింది. నాన్న తాపీగా పచ్చిమిరపకాయలు తరుగుతున్నాడు.

"నాన్నా, షిఫ్టు దిగింది. పెనం ఎక్కించవా?"

"ఇప్పుడే అట్లు పోస్తే ఎవడు తింటాడే పిచ్చి మొద్దూ? కిందనుంచి పైకి రావాల, నెత్తిమీది లైటు అప్పజెప్పాల, ఒళ్లు తోముకుని స్నానం చెయ్యాల, గేటు దగ్గర టీ తాగుతా నాలుగు కబుర్లాడాల. అప్పుడు గదా ఇటొచ్చేది!"

నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మేడం ఇంటికి పరిగెత్తాను. చెప్పింది విని ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. "అయ్యో దేవా! మా నాయన ఏనాడన్న సైరన్ కూయంగనే ఇంటికొచ్చిండా? మా అమ్మ సైరన్ ఇన్నంకనే బియ్యం కడుగుతుండె! బాయిల పుట్టి పెరిగి బాయి సంగతి మరిసిన!" అని నవ్వడం మొదలుపెట్టారు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

ఆ తర్వాత రోజూ బాయి గేటు దగ్గర నిలబడ్డాం. షిఫ్టుకు పోయేవాళ్లు సైరన్‌కు చాలా ముందే వెళుతున్నారు, దిగినవాళ్లు చాలా తర్వాత వస్తున్నారు. నడుమ బాయి రోడ్డు నిజంగా ఖాళీ. ఆ ఖాళీలో పిల్లలు దాటేస్తే? చర్చిలో మేడం పక్కన నిలబడి పాడే అక్కే అంజలి బడి పెద్ద టీచరు. బడి వదిలే గంట కాస్త ముందే కొట్టడానికి ఒప్పుకుంది. మేడం గేటు దగ్గర టీ తాగుతున్న కార్మికుల మధ్యకు వెళ్లి గొంతెత్తారు.

"అన్నా, డ్యూటీకి పోయేటప్పుడు మిమ్ముల ఆపం. తానాలు జేసి వచ్చేటప్పుడూ ఆపం. నడుమ ఒక్కపారి మా పోరగాండ్లను దాటనియ్యుండ్రి. గదే అడుగుతున్న."

"గట్ల ముందే చెప్తే మేమెందుకు కాదంటం, అక్కా?" అన్నాడొకతను.

కొత్త సమయాలు పెట్టిన రోజు మేం చౌరస్తాలో నిలబడ్డాం. బడి వదిలారు. ఎర్రదీపం పడింది. స్నానం కూడా చేయకుండా ఒక్కడు బండి మీద వేగంగా వచ్చాడు, ఒళ్లంతా మసి. అతను గీత దగ్గర బ్రేకు వేసి కాలు కింద పెట్టాడు. "పోండ్రి అవ్వా, పోండ్రి. నాకేం జల్ది లేదు" అన్నాడు. లసుమవ్వ అతన్ని చూసింది, దీపాన్ని చూసింది, అంజలి చెయ్యి వదిలింది. పిల్ల కొద్దిగా కుంటుకుంటూ, తోటిపిల్లల మధ్య, తనంత తానే అవతలికి వెళ్లింది. మేడం ఏడ్చారు. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు?

దీపాలు ఉండిపోయాయి. అంజలి బడి మానలేదు. తెలంగాణ వచ్చిన ఏడు నాకు ఉద్యోగం వచ్చింది. హైదరాబాద్ వెళుతుంటే మేడం నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఇప్పుడు మా దగ్గర కెమెరాలున్నాయి, కంప్యూటర్లున్నాయి, అంచనాలు చిటికెలో వస్తాయి. అయినా కొత్త ప్లాను ఏదైనా నా బల్ల మీదికి వస్తే, అక్కడ నిలబడి చూసింది ఎవరని అడగకుండా సంతకం పెట్టను. నా చాదస్తమని ఆఫీసులో నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఈమధ్య మా అంచనా ఒకటి ఘోరంగా తప్పింది. పెద్ద హాలు, నిండా అధికారులు. ఇది ఎవరు చేశారని అడిగారు. లెక్క కట్టిన అమ్మాయి ఉద్యోగంలో కొత్త. బల్ల చివర తల వంచుకుని కూర్చుంది. నేను లేచి, "తప్పు నాదండీ. నేను చూసే ఒప్పుకున్నాను" అన్నాను. ఆ అమ్మాయి మెల్లగా తలెత్తి నా ముఖం వంక చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నాకు తెలుసు.