తాళం వేసిన బంగళాకు తోట

మా పక్కింటి గుత్తదారుగారు పోయారు. ఆ కబురు తెచ్చింది ఆయన కూలీల ముఠా మేస్త్రి. వేసవి సెలవులు ఇవ్వబోతున్న రోజులు. బళ్ళో లెక్కలు చెబుతున్నాను. మేస్త్రి వరండాలో నిలబడి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. పిల్లల ముందు చెప్పలేక నన్ను బయటికి రమ్మని సైగ చేశాడు.

"వడదెబ్బ అండి. పొద్దున్న లేపితే లేవలేదండి. లాకు దగ్గర్నుంచి బండిలో తీసుకొచ్చామండి" అన్నాడు.

పడవలో ఎందుకు తేలేదని అడగబోయి ఆగిపోయాను. మరమ్మతుల కోసం కాలువ కట్టేశారు. పడవ నడిచే నీళ్ళు ఎక్కడున్నాయి? ఏళ్ళ తరబడి నిండు కాలువల మీద మొక్కల పడవలు తిప్పిన మనిషిని ఆఖరికి ఎద్దుబండిలో రాజమండ్రి చేర్చవలసి వచ్చింది.

దహనానికి గోదావరి ఒడ్డుకు పెద్దమనుషులు బాగానే వచ్చారు. "ఎంత మంచివాడండీ" అన్నారు. అన్నవాళ్ళలో సగంమంది బేరాల దగ్గర ఆయన్ని ఏడిపించినవాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

ఆయన తోటల గుత్తదారు. బంగళాల చుట్టూ పూలమడులు, జమీందార్ల మామిడితోటలు, కాలువగట్ల మీద నీడచెట్లు, మా మిషను బడి ఆవరణలో వేపలు, పొగడలు, అన్నీ ఆయన ముఠా వేసినవే. మా రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. ఆయనకు ఇంగ్లీషు రాదు. సర్కారు కచేరీలకు పంపే ఎస్టిమేట్లు ఆయన చెబుతూంటే నేను రాసిపెట్టేవాణ్ణి. అందుకు ప్రతిఫలంగా మా ఆవిడకు ఒకసారి కరివేపాకు మొక్క, ఒకసారి నిమ్మమొక్క ఇచ్చేవారు. నిమ్మమొక్క చచ్చిపోయింది. "మీ ఆవిడగారు బియ్యం కడుగు పోసినట్టున్నారండి" అని తప్పు మా మీదికి తోసేశారు. తప్పు ఒప్పుకునే రకం కాదు.

అంచనా వేయడానికి ఎవరింటికైనా వెళితే, బేరం తెగేదాకా కుర్చీలో కూర్చునేవారు కాదు. మజ్జిగ ఇచ్చినా ముట్టేవారు కాదు. ఎండలో నిలబడే మాట్లాడేవారు. నేను ఒకసారి ఎందుకని అడిగాను.

"కూర్చుంటే మొహమాటం వస్తుందండి. మజ్జిగ తాగితే ఇంకా వస్తుంది. ఆ మొహమాటమంతా అంచనాలోంచి కోసేస్తారండి. తరవాత నా కూలీల పొట్ట కొట్టాలి" అన్నారు.

బయానా చేతిలో పడ్డ మరుక్షణం అరుగు మీద చతికిలబడి, గ్లాసు తరవాత గ్లాసు అడిగి మరీ తాగేవారు. కోరుకొండ దగ్గర ఒక కామందు ఇంట్లో, "బయానా కన్నా మజ్జిగే ఎక్కువైందయ్యా" అన్నారట. ఈ ముక్క ఆయనే చెప్పుకుని నవ్వేవారు.

నవ్వులాట పక్కన పెడితే, ఆయనతో పని చేయించుకోవడం నరకం. ఒకేసారి మూడు చోట్ల బయానా పుచ్చుకునేవారు. ముఠా ఒక్కటే. ఇక్కడ నాలుగు రోజులు, అక్కడ నాలుగు రోజులు తిప్పేవారు. మా బడి ఆవరణలో గుంతలు తవ్వించి మాయమయ్యారు. పిల్లలు వాటిల్లో పడుతున్నారు. మా మిషను దొరగారు నన్ను చూసి పళ్ళు కొరుకుతున్నారు, ఎందుకంటే ఈయన్ని తెచ్చింది నేనే. చివరికి గోడ మీంచి గట్టిగానే అడిగాను.

"ఏంటండీ ఇది? గుంతలు తవ్వి పారిపోతారా?"

"గుంత ఎండాలండి మేష్టారూ."

"ఎన్నాళ్ళు ఎండాలి? గుంతలు ఎండుతున్నాయో, మీ ముఠా పెద్దాపురంలో పని చేస్తోందో నాకు తెలియదనుకున్నారా?"

ఆయన ముక్కుపొడుం పీల్చి, తీరిగ్గా తుమ్మి, "తోటపని ఒక పొయ్యి మీద ఒక గిన్నె పెట్టుకుని కూర్చునే వంట కాదండి. నా దగ్గర ఆలస్యం ఉంటుంది. ఎగవేత ఉండదు" అన్నారు.

రెండూ నిజమే. ఆలస్యంగానే వచ్చారు, మొక్కలన్నీ నాటారు. ఇవాళ మా పిల్లలు ఆ వేపల నీడన కూర్చుని సద్దిమూటలు విప్పుకుంటున్నారు.

అంచనాలో ఆయన తప్పకుండా రాయించే పద్దు ఒకటుండేది. కూలి, ఎరువు, నీళ్ళు, కంచె అయ్యాక, చివర "పోయేవి" అని. నాటినవాటిలో కొన్ని చస్తాయి, వాటి బదులు మళ్ళీ నాటే ఖర్చు ముందే చెప్పాలి అని ఆయన పట్టుదల. దీని మీద ఎక్కడికి వెళ్ళినా గొడవే. పెద్దాపురంలో ఒక షావుకారు ముహూర్తం పెట్టించుకుని కూర్చుంటే ఈయన చావుల పద్దు చదివారు. షావుకారు మండిపడ్డాడు.

"శుభమా అని తోట వేసుకుంటుంటే చావులెక్క చెబుతావేంటయ్యా?"

"రాయకపోతే బతికేస్తాయాండి?" అన్నారు ఈయన.

బేరం పోయింది. పోతే పోనీ అని వచ్చేశారు. ఇంత గట్టి మనిషి, ఒక కచేరీ పని దగ్గరకు వచ్చేసరికి మాత్రం మెత్తబడ్డారు. అక్కడే ఆయన్ని చావు పట్టుకుంది.

దిగువ కాలువ మీద పడవలు దాటే ఒక లాకు దగ్గర, ఒక దొరగారి కోసం కొత్త బంగళా కట్టారు. దాని చుట్టూ తోట, గట్టు పొడుగునా కానుగ చెట్ల వరస వేయించాలని గుత్తకు పిలిచారు. ఏ కచేరీయో నేను చెప్పను, నాకు ఉద్యోగం ఉంది. మామూలు కామందులైతే గుత్తదారుకు బయానా ఇస్తారు. కచేరీ దగ్గర అంతా తలకిందులు. గుత్తదారే కచేరీకి ధరావతు కట్టాలి. పని సరిగ్గా పూర్తయితే తిరిగిస్తారు, లేకపోతే మింగేస్తారు. పని పెద్దది, ధరావతూ పెద్దదే. ఆయన దగ్గర సగమే ఉంది. మిగతా సగం ముఠాలోని కుటుంబాలన్నీ కలిసి వేసుకున్నాయి. ఒకామె కాళ్ళ కడియాలు అమ్మింది. మేస్త్రి పాడిగేదెను అమ్మేశాడు. పెద్ద పని, రెండేళ్ళు కూలి వెతుక్కోనక్కర్లేదని వాళ్ళ ఆశ.

జూన్‌లో కాలువకు నీళ్ళు వదిలాక నాటాలని ఆయన లెక్క. నేను ఇంగ్లీషులో అలాగే రాశాను. కచేరీలో "పోయేవి" పద్దు కొట్టేశారు. దాంతో పాటు జూన్ కూడా కొట్టేసి మార్చి నెల అని రాశారు. మేమిద్దరం వెళ్ళి గుమాస్తాను అడిగాం.

"మార్చిలో నాటితే ఎలాగండి? ఆ వెంటనే కాలువ కట్టేస్తారు. మొక్కలు మాడిపోతాయండి. జూన్‌లో నాటతాను" అన్నారు ఈయన.

గుమాస్తా తలెత్తలేదు. "జూన్‌లో నీ మొక్క ఉంటుందయ్యా, మా మంజూరు ఉండదు. మార్చి దాటితే ఆ సొమ్ము మురిగిపోతుంది. నాటతావా, ధరావతు వదులుకుంటావా?"

వానలు పడ్డాక కచేరీ ఓవర్సీరు వచ్చి చూస్తాడు. ఒప్పుకున్నన్ని చెట్లు బతికి ఉంటేనే ధరావతు వెనక్కి వస్తుంది. ఇదీ షరతు. బయటికి వచ్చాక, వదిలేసి రండి, ప్రాణం సుఖంగా ఉంటుంది అన్నాను. ఆయన కచేరీ మెట్ల మీద నిలబడి కండువాతో మొహం తుడుచుకున్నారు.

"నా ఒక్కడిదే అయితే వదిలేసేవాణ్ణి మేష్టారూ. వాళ్ళది కూడా ఉందండి అందులో."

మార్చిలోనే నాటారు. పెళ్ళి పందిరి వేసినట్టు ఒక్కో మొక్క మీదా తాటాకు కప్పించారు. ఆ తరవాత కాలువ కట్టేశారు. బంగళా ఎవరి కోసం కట్టారో ఆ దొరగారికి బదిలీ అయింది. ఆయన బదులు వచ్చిన దొరకు ఊళ్ళోనే ఇల్లుంది. బంగళాకు తాళం పడింది.

నాకు ఈ సంగతి తెలిసి మళ్ళీ కచేరీకి వెళ్ళాను. ఉండేవాళ్ళే లేనప్పుడు ఈ మండుటెండల్లో చెట్లను బతికించాలని ఎందుకండీ, గడువు మార్చండి, చచ్చినవాటిని వానల్లో మళ్ళీ నాటుకుంటారు అని అడిగాను. గుమాస్తా దుర్మార్గుడేమీ కాదు, నాకు కుర్చీ కూడా వేయించాడు.

"ఆ చెట్లు బతికినా చచ్చినా మాకొకటేనండి మేష్టారూ. లెక్క ప్రకారం మాత్రం బతకాలి" అన్నాడు.

ఈ ఒక్క మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు. మా పాదిరిగారు క్షమించమని బోధిస్తారు. నేను వింటాను, తల ఊపుతాను, ఇంటికి వచ్చి గోడ అవతల ఖాళీ అరుగు చూసి మళ్ళీ మండిపడతాను.

ఈస్టరు సెలవుల్లో లాకు దగ్గరికి వెళ్ళాను. కాలువ అడుగున బురద పగుళ్ళిచ్చింది. అక్కడక్కడ చిన్న మడుగులు మిగిలాయి. ముఠా ఆడవాళ్ళు కుండలతో అందులోకి దిగి, గట్టెక్కి, చెట్టుచెట్టుకూ పోస్తున్నారు. వాళ్ళతో పాటు ఆయనా మోస్తున్నారు. ఆ వయసులో కావడి భుజాన వేసుకున్నారు. నన్ను చూసి దించి, ముక్కుపొడుం కోసం తడుముకున్నారు. డబ్బా ఖాళీ.

"ఇక్కడ ఎవరూ ఉండరటండి, తెలుసా?" అన్నాను.

"తాళం కనబడుతోంది గదండి."

"మరి ఎవరి కోసం ఈ చాకిరీ?"

"ధరావతు కోసమండి. దొరగారి కోసం అనుకున్నారేంటి?" అని నవ్వబోయారు, దగ్గు వచ్చింది. "మేస్త్రి గేదె తిరిగి రావాలి. ఆ కడియాలు రావాలి. వచ్చాక ఈ కచేరీ మొహం మళ్ళీ చూడనండి. మీ బడికే ఇంకో పది పొగడలు వేసుకుంటాను."

కాస్త నీడన కూర్చోమన్నాను. కూర్చోలేదు. డబ్బు చేతిలో పడేదాకా కూర్చోకూడదన్న పట్టు ఇంకా ఉంది. ఆయన్ని బతికుండగా చూడడం అదే ఆఖరు. ఈ ఊళ్ళో ఇన్ని చెట్ల నీడలు ఇచ్చిపోయిన మనిషికి నీడపట్టున నాలుగు రోజులు దొరకలేదు. ఆయన నాకు ఎంత దగ్గరివారో గోడ అవతల దగ్గు వినబడని రాత్రుల్లో తెలుస్తోంది. ఆయన మీద కృతజ్ఞత ఉంది. మిగిలినవాళ్ళ మీద ఏముందో రాయను.

ఆయన పోయినా ముఠా లాకు వదల్లేదు. కర్మకాండ అయిన మర్నాడే కుండలు పట్టుకుని వెళ్ళిపోయారు. వానలు పడ్డాయి, కాలువకు నీళ్ళు వచ్చాయి, ఓవర్సీరు వచ్చాడు. ఆ రోజు నేనూ వెళ్ళాను. కొన్ని మాడిపోయినా, ఒప్పుకున్నన్ని బతికే ఉన్నాయి. ఓవర్సీరు గొడుగు కింద నిలబడి అన్నీ చూసుకున్నాడు.

"గుత్తదారు ఏడీ?" అని అడిగాడు.

"పోయారండి" అన్నాడు మేస్త్రి.

"తనిఖీకి గుత్తదారు ఉండాలి. వారసులెవరో కోర్టు నుంచి కాగితం తెచ్చుకోండి. మళ్ళీ వచ్చి చూస్తాను. అప్పటిదాకా ఈ చెట్లు పోకూడదు, నీళ్ళు పోస్తూ ఉండండి" అని గుర్రబ్బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

కోర్టు కాగితమంటే ఎన్నాళ్ళో నాకు తెలుసు. వాళ్ళకు ఎలా చెప్పాలో తెలియక బంగళా వరండాలో కూలబడ్డాను. వాన పెద్దదైంది. కాసేపటికి చూస్తే కడియాలు అమ్ముకున్న ఆమె కాలువలో కుండ ముంచుకుని గట్టెక్కుతోంది. వెనకాలే మిగతావాళ్ళూ. జోరువానలో ఒక్కో చెట్టు మొదట్లోనూ కుండ వంచుతున్నారు.

"ఏంటమ్మా ఇది, వాన పడుతోంది గదా" అని కేకేశాను.

ఆమె మొహం మీద నీళ్ళు తుడుచుకుంటూ, "వానదేముందండి మేష్టారూ, మేం పొయ్యలేదని కచేరీలో రాసేసుకుంటారు" అని, ఖాళీ కుండ చంకన పెట్టుకుని మళ్ళీ కాలువలోకి దిగింది.