మగ పిచ్చుక

కడపలో మా ఇంటి పెరట్లో, రేకుల కింద, పిచ్చుకల కోసం సజ్జకంకుల గుత్తి తీగకు కట్టాను. పక్కనే గోడకు ఒక అట్టపెట్టె తగిలిస్తే అందులో ఓ జంట గూడు పెట్టింది. గొంతు కింద నల్లమచ్చ ఉన్నది మగది, మట్టిరంగుది ఆడది. అంతకుమించి వాటి గురించి నాకేమీ తెలియదు.

ఎండలు ముదిరాక గూట్లో పిల్లల కిచకిచలు మొదలయ్యాయి. ఒక ఉదయం టీ గ్లాసుతో పెరట్లోకి వస్తే బండల మీద ఈకలు కూడా రాని పిల్ల పడి ఉంది. ఊపిరి ఆడుతోంది. జారిపడిందేమోనని స్టూలెక్కి గూట్లో పెట్టాను. నేను దిగీ దిగకముందే మగ పిచ్చుక లోపలికి దూరి, ఆ పిల్లను ముక్కుతో పట్టి బయటికి లాగి నా కళ్ల ముందే కిందికి వదిలేసింది. ఈసారి పిల్ల కదలలేదు.

నా చెయ్యి తగిలిందనా? జబ్బు పిల్లనా? వంగి పిల్లను చేతిలోకి తీసుకున్నాను.

"ఏమైందన్నా?" అంటూ పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసింది. బట్టలు కుట్టే మనిషి; పిచ్చుకలకు ఆమె కూడా నూకలు చల్లుతుంది.

"తండ్రే బిడ్డను సంపేసిందమ్మా."

"తండ్రేనని నీకెట్ల తెలుసు? పాతది పోయి వేరేది వచ్చింటాదేమో, అట్ల వచ్చింది పాతదాని పిల్లల్ని బతకనీదంట. మొన్న మా మిద్దె మీద ఈకలు పడిండె. పిల్లి పట్టిందేమో అనుకుంటి."

"పట్టింది నువ్వు చూసినావా?"

"చూళ్యా."

మిగతా పిల్లలేమయ్యాయో, గూట్లో కిచకిచలు లేవు. సాయంత్రం ఆడది వచ్చి మగదాని పక్కనే కూర్చుని గింజలు తింది. నాకు ఒళ్లు మండింది. గుత్తి విప్పి ఇంట్లో పడేశాను.

మరునాడు ఆడది ఒట్టి తీగ మీద వాలి అరుస్తూనే ఉంది.

"ఆయమ్మ ఏం జేసిందన్నా, దానికి యాల తిండి లేకుండా జేస్తివి?" అంది పక్కింటామె.

మళ్లీ కట్టాను. వెంటనే ఒక మగది వచ్చి వాలింది. తరుముదామని చెయ్యెత్తాను. ఇది అదేనా? మచ్చ చూస్తే అలాగే ఉంది. గోడ మీద ఇంకో రెండు మగవి కూర్చున్నాయి, వాటికీ అదే మచ్చ. చెయ్యి దించేశాను.

వారం తిరక్కుండానే ఆ పెట్టెలోకి ఆడది గడ్డిపోచలు మోస్తోంది. మగది ముందు నిలబడి రెక్కలు అల్లాడిస్తోంది. సంతోషించాలో, పెట్టె పీకేయాలో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. సజ్జలు మాత్రం అయిపోతే తెస్తున్నాను.